శనివారం పెట్టిన సంతకాలు

గేటుకి తాళం వేసి ఉంది. మావాడు కారు పక్కకి ఆపి, ఫోన్‌లో ఏదో చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఇవాళ శనివారం కదే. ఇది యూదుల శ్మశానం, శనివారం తియ్యరు. ముందే చూసుకోవాల్సింది."

న్యూయార్క్‌లో క్వీన్స్ వైపు, గ్లెన్‌డేల్ దగ్గరుంది ఈ మౌంట్ కార్మెల్ శ్మశానం. కోడలు అప్పటికే రెండుసార్లు అడిగింది, "అత్తయ్యా, ఇక్కడికొచ్చిన వాళ్లంతా స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూపించమంటారు, మీరేంటి సమాధులంటారు?" అని. ఇంటికెళ్లాక తలస్నానం చెయ్యాలా వద్దా అని దారిపొడుగునా ఆలోచిస్తూ వచ్చాను. గేటు దాటలేదు కాబట్టి ఆ గొడవ తప్పింది.

కమ్మీల మధ్య నుంచి కాసేపు చూశాను. రాళ్లు, రాళ్లు, రాళ్లు. వాటిలో ఎక్కడో మెండెల్ బెయిలిస్ ఉన్నాడు, వందేళ్ల కిందట రష్యాలో ఒక పిల్లాడి హత్య కేసులో ఇరికించిన యూదుడు. శనివారమని గేటు మూసిన చోట ఆయన పడుకుని ఉన్నాడు. ఆయన్ని కాపాడిన వాటిలో ఒకటేమో, ఒక శనివారం ఆయన సెలవు తీసుకోకుండా పనికి వెళ్లడం. కారెక్కాక ఇది చెబితే మావాడు "ఊఁ" అన్నాడు. వాడికి ట్రాఫిక్ టెన్షన్. అందుకని మీకు చెబుతున్నాను.

నేను 33 ఏళ్లు కోర్టుల్లో పనిచేశాను. టైపిస్టుగా చేరి, స్టెనోనై, గుంటూరు జిల్లాలో మూడు ఊళ్లు తిరిగి రిటైరయ్యాను. సాక్షి నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో, ఎక్కేటప్పుడు ఎలా మారుతుందో రోజూ చూసినదాన్ని. ఆర్నెల్లు కొడుకు దగ్గర ఉందామని వచ్చి, పొద్దుపోక యూట్యూబ్ చూస్తుంటే ఒక తెలుగు వీడియో తగిలింది. రష్యాని కుదిపేసిన రక్తం కేసు అని ఎర్ర అక్షరాలు, నెత్తురు బొట్లు. కుర్రాడు బాగానే చెప్పాడు. అమాయకుడైన యూదుణ్ణి ఇరికించారు, ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, జ్యూరీ వదిలేసింది, "చివరికి న్యాయమే గెలిచింది ఫ్రెండ్స్" అని ముగించాడు.

లైబ్రరీకి పోయి ఆ కేసు మీద దొరికినవి తెచ్చుకున్నాను. బెయిలిస్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు కూడా ఇంగ్లీషులో ఉన్నాయి. తీర్పు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివాను. న్యాయం గెలిచిందన్నవాళ్లు ఆ తీర్పు కాగితం చదివి ఉండరు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పిల్లాడి గురించి, ఎందుకంటే ఈ కథలో అందరూ తొందరగా మర్చిపోయేది వాణ్ణే.

ఆండ్రేయ్ యుషిన్స్కీకి 13 ఏళ్లు. కీవ్‌లో చర్చి వాళ్ల బడిలో చదివేవాడు. అప్పట్లో కీవ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1911 మార్చి 12, శనివారం, పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు, బడికి పోలేదు. ఇవన్నీ పాత రష్యా క్యాలెండర్ తేదీలు, మన లెక్కకి 13 రోజులు వెనక. మన లెక్కలో అది మార్చి 25. సరిగ్గా ఆ రోజే ఇక్కడ న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు, చాలామంది యూదుల ఇళ్ల నుంచి వలస వచ్చిన ఆడపిల్లలు. ఆ తేదీ చూసి కాసేపు ఏమీ తోచలేదు. ఈ రెంటికీ సంబంధం లేదు, ఊరికే చెప్పాను.

మార్చి 20న లుక్యానోవ్‌కా అనే శివారులో, ఒక గుహలో శవం దొరికింది. చేతులు కట్టేసి, గోడకి ఆనించి కూర్చోబెట్టినట్టు ఉన్నాడు. ఒంటి మీద 47 పోట్లు. బడి నోటు పుస్తకాలు పక్కనే గోడ సందులో కుక్కి ఉన్నాయి, వాటి వల్లే ఎవరో తెలిసింది. పోలీసులు ముందు తల్లినీ సవతి తండ్రినీ పట్టుకెళ్లారు. అంత్యక్రియల నాడు మాత్రం జనంలో కరపత్రాలు పంచారు: యూదులు తమ పస్కా పండుగకి ముందు ఏటా క్రైస్తవుల పిల్లల్ని చంపి, నెత్తురు తీసి రొట్టెల్లో కలుపుతారు, మన ఆండ్రూషాని (ఆండ్రేయ్ ముద్దుపేరు) చంపింది వాళ్లే, పగ తీర్చుకోండి అని.

దీన్నే రక్తనింద అంటారు. ఇది రష్యాలో పుట్టింది కాదు. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో విలియం అనే కుర్రాడు చనిపోతే, కొన్నేళ్లకి ఒక సన్యాసి కూర్చుని దాన్ని యూదులకి అంటగట్టి పుస్తకం రాశాడు. అక్కణ్ణుంచి ఊరూరా పాకింది. 1235లో జర్మనీలో ఫుల్డా అనే ఊళ్లో 34 మంది యూదుల్ని చంపాక, రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి యూదు మతం విడిచి క్రైస్తవులైన వాళ్లనే పిలిపించి విచారణ చేశాడు. వాళ్లకి లోగుట్టు తెలిసి ఉంటుందిగా. అబద్ధమని తేలింది. 1247లో పోప్ కూడా అదే చెప్పాడు. అంటే కీవ్‌లో ఆ కరపత్రం పంచేనాటికి, అది అబద్ధమని తేలి 675 ఏళ్లు.

బైబిలు చదివే ఇళ్లలో లేవీయకాండం తెలిసే ఉంటుంది. రక్తం తినకూడదని అందులో ఎన్నిసార్లు ఉందో. మాంసానికి ఉప్పు పట్టించి, నెత్తురంతా కారిపోయేదాకా ఉంచి గాని వాళ్లు వండరు. కోడిగుడ్డు పగలగొడితే లోపల ఎర్రచుక్క కనబడిందా, ఆ గుడ్డు అవతల పారేస్తారు. అలాంటి వాళ్ల మీద ఈ నింద.

నవ్వుకునే హక్కు నాకు లేదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మన రెండు రాష్ట్రాల్లో వాట్సాప్ మెసేజీలు తిరిగాయి, గుర్తుందా? అడుక్కునే వాళ్లనీ, కొత్తవాళ్లనీ పట్టుకుని కొట్టారు, కొందరు చచ్చిపోయారు. అప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజీ నేనే ఫార్వర్డ్ చేశాను. కోర్టులో పనిచేసే మనిషిని. "ఎందుకైనా మంచిది" అని కింద ఒక ముక్క కూడా చేర్చాను. 

కీవ్‌లో మొదట్లో పోలీసులు తప్పుదోవ పట్టలేదు, అది చెప్పాలి. ఊరి డిటెక్టివ్ అధిపతి మిష్చుక్ ఇది దొంగల పని అన్నాడు. ఆయన్ని తీసేశారు, తర్వాత ఆయన మీదే ఎదురు కేసు పెట్టారు. ఆయన తర్వాత వచ్చిన క్రాసోవ్‌స్కీ మంచి పేరున్న డిటెక్టివ్. ఆయనా తవ్వుకుంటూ పోయి అదే గుమ్మం ముందు ఆగాడు. ఆయన్నీ తీసేశారు. ఉద్యోగం పోయాక సొంతంగా దర్యాప్తు సాగించాడాయన. మనవాళ్లలో ఎంతమంది అలా చేస్తారు చెప్పండి?

ఆ గుమ్మం వేరా చెబిర్యాక్‌ది. దొంగసొమ్ము కొని దాచే మనిషి. ముగ్గురు దొంగలు, అందులో ఒకడు ఆమె తమ్ముడు, ఆ ఇంట్లోనే మకాం. పోట్లాటలో ప్రియుడి మొహాన యాసిడ్ పోసి కళ్లు పోగొట్టిన చరిత్ర ఆమెది. ఆమె కొడుకు జెన్యా ఆండ్రేయ్‌కి స్నేహితుడు. ఆ శనివారం పొద్దున బడి ఎగ్గొట్టి ఆండ్రేయ్ వెళ్లింది జెన్యా కోసమే. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లాడికి తెలిసిపోయిందనీ, వాడి వల్ల గుట్టు బయటపడుతుందనీ ముఠా చంపేసిందని క్రాసోవ్‌స్కీ తేల్చాడు. శవం దగ్గర దొరికిన కోటు జేబులో ఒక దిండు గలీబు ముక్క ఉంది. అది వేరా ఇంటి గలీబు లాంటిదేనని ఆ ఇంటికి రాకపోకలున్న పొరుగావిడ తర్వాత కోర్టులో చెప్పింది. ఒక గుడ్డముక్క. మా కోర్టు ప్రాపర్టీ గదిలో ఇలాంటివి చీటీ కట్టి ఎన్ని మూలుగుతుండేవో. 

ఆగస్టులో జెన్యాకి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. చావుబతుకుల్లో ఉన్న కొడుకు మంచం పక్కన తల్లీ, పోలీసులూ. "అమ్మకేమీ తెలియదని చెప్పు నాన్నా" అని ఆమె బతిమాలిందని, మాట తూలబోతే ముద్దులతో నోరు మూసిందని అక్కడున్న డిటెక్టివ్ సాక్ష్యం. జ్వరం కలవరింతలో వాడు "ఆండ్రూషా, అరవకు" అన్నాడని కూడా వచ్చింది. వాడు పోయాడు. కొద్దిరోజులకే చెల్లెలు వాల్యా పోయింది. ల్యూద్మిలా ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు బెయిలిస్. లుక్యానోవ్‌కాలోనే, గుహకి దగ్గర్లో, జైత్సెవ్ అనే యూదు వర్తకుడి కుటుంబానికి ఇటుకల ఫ్యాక్టరీ ఉండేది. దాని మీద వచ్చే ఆదాయం ఒక యూదుల ఆసుపత్రికి వెళ్లేది. అక్కడ బెయిలిస్ గుమాస్తా. 37 ఏళ్లు, పటాలంలో చేసి వచ్చినవాడు, పెళ్లాం, అయిదుగురు పిల్లలు, నల్లగడ్డం. మతం పట్టింపు పెద్దగా లేదు. బండ్లు వస్తాయి, లెక్కపెట్టి ఇటుక ఎత్తిస్తాడు, చీటీ రాసి సంతకం పెడతాడు. అదీ ఆయన ఉద్యోగం.

మా మేనమామ కృష్ణ ఒడ్డున ఇటుక బట్టీలో గుమాస్తాగా చేసేవాడు. చిన్నప్పుడు సెలవులకి పోతే నన్ను పచ్చి ఇటుకల వరస మీద కూర్చోబెట్టి చీటీలు రాసేవాడు. బండివాడి పేరు, ఇటుక ఎంత, తేదీ, సంతకం. కార్బన్ పెట్టి రెండు కాపీలు, ఒకటి బండివాడికి, ఒకటి పుస్తకంలో. చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అందుకని ప్రతి చీటీ మీదా బొటనవేలి మరక పడేది. "మరక లేకపోతే నాది కాదని చెప్పొచ్చు" అనేవాడు. బట్టీ పని మొదలయ్యాక ఆదివారం, శనివారం అని ఉండదు. ఎండ ఉన్నన్నాళ్లూ పనే.

బెయిలిస్‌కీ అంతే. ఆ మార్చి 12న, యూదులకి విశ్రాంతి దినమైన శనివారం నాడు ఆయన పనిలో ఉన్నాడు. ఆ రోజు ఇటుక పంపినట్టు ఆయన సంతకంతో చీటీలున్నాయి, కోర్టులో పెట్టారు. తోటి పనివాళ్లు, క్రైస్తవులే, పనిలోనే ఉన్నాడని చెప్పారు. దానికి ప్రాసిక్యూషన్ జవాబేమిటంటే: సంతకాల మధ్యలో కాసేపు జారుకుని, పిల్లాణ్ణి పట్టుకుని, మళ్లీ వచ్చి పని చేసుకుని ఉండొచ్చు కదా! ఇలాంటి "ఉండొచ్చు కదా"లు నేను కొన్ని వేలు టైపు చేసి ఉంటాను.

ఇంకొక సంగతి ఆయన జ్ఞాపకాల్లో ఉంది. పక్క చర్చి ఫాదరీకి ఒకసారి చవగ్గా ఇటుక ఇప్పించాడు. శవయాత్రలు దగ్గరి దారిన ఫ్యాక్టరీ ఆవరణలోంచి పోవడానికి ఒప్పుకున్నాడు. 1905లో యూదుల ఇళ్ల మీద పడి దోచుకున్నప్పుడు ఆ ఫాదరీ మాట వల్లే ఈయన ఇంటి జోలికి ఎవరూ రాలేదు. ఆ ఊళ్లో ఆయన ఎలాంటి మనిషో అందరికీ తెలుసు.

మరి ఈయన్నే ఎందుకు పట్టుకున్నారు? గొలూబెవ్ అనే విద్యార్థి నాయకుడు, యూదులంటే పడని సంఘంలోవాడు, గుహ చుట్టుపక్కల తిరిగి, ఫ్యాక్టరీలో ఒక యూదుడున్నాడని కనిపెట్టాడు. అంతే ఆధారం! కీవ్ ప్రాసిక్యూటర్ చాప్లిన్స్కీకి ఆ మాట నచ్చింది. ఇక సాక్షి కావాలి.

వీధి దీపాలు వెలిగించే షఖోవ్‌స్కీ అని ఒకడు. మొదట అతను చెప్పింది చిన్న మాట, ఆ పొద్దున ఆండ్రేయ్‌నీ జెన్యానీ వేరా ఇంటి దగ్గర కలిసి చూశానని. ఇది నిజమైతే కథ వేరా గుమ్మానికే పోతుంది. డిటెక్టివ్‌లు అతనికీ భార్యకీ వోడ్కా పోయించారు. మాట పెరిగింది. నల్లగడ్డం మనిషి ఒకడు పిల్లాణ్ణి ఫ్యాక్టరీలోకి లాక్కుపోయాడట. ఎవరు చూశారు? భార్యకి ఒక తాగుబోతు ముష్టిది చెప్పిందట. ముష్టిదాన్ని అడిగితే అది అసలు అలా అనలేదంది. కోర్టుకి వచ్చాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ నీళ్లు నమిలారు.

మా దగ్గర ఇలాంటి సాక్షిని చూసిన రోజున బెంచి క్లర్కు నా వైపు చూసి పెన్ను మూత పెట్టేసేవాడు. సొంత లాయరు అడిగే చీఫ్‌లో గడగడా, ఎదుటి లాయరు అడిగే క్రాస్‌లో గుటకలు. ఒకసారి ఒక చోరీ కేసులో సాక్షి, పాపం లైన్‌మన్ హెల్పరు, స్తంభం ఎక్కి ఉన్నప్పుడు దొంగని చూశానన్నాడు. ఏ స్తంభమయ్యా అంటే, "ఎస్సైగారు చూపించిన స్తంభమండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముద్దాయి నవ్వలేదు. ఎనిమిది నెలలుగా లోపలున్నాడు.

బెయిలిస్ రెండేళ్లు దాటి లోపలున్నాడు. 1911 జులైలో తీసుకెళితే 1913 సెప్టెంబరు 25న విచారణ మొదలైంది. దర్యాప్తు చేసిన మెజిస్ట్రేటు ఫెనెంకో, ఈయన మీద ఏమీ లేదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. పైనుంచి న్యాయమంత్రి షెగ్లోవితోవ్ వదల్లేదు. ఎందుకంత పట్టుదల? చక్రవర్తికి ఇష్టమని కొందరు, యూదులకి సమాన హక్కులిమ్మని డ్యూమాలో, అంటే రష్యా పార్లమెంటులో, మాట వస్తున్నందుకని కొందరు. బెయిలిస్‌ని పట్టుకెళ్లిన 1911 సెప్టెంబరులోనే కీవ్ నాటకశాలలో ప్రధానమంత్రి స్తొలీపిన్‌ని కాల్చి చంపారు, కాల్చినవాడు యూదుల ఇంట పుట్టినవాడు. ఊరు మండిపోవడానికి సిద్ధంగా ఉంది. నాకు తోచేదేమిటంటే, మొదలుపెట్టిన వాళ్లకి ఎలా ఆపాలో తెలియలేదు. ఆఫీసుల్లో తప్పుడు ఫైలు అలాగే నడుస్తుంది. ప్రతి టేబుల్ దగ్గరా ఇంకో సంతకం పడుతుంది, ఆ తర్వాత అది ఎవరి తప్పూ కాదు.

విచారణ 34 రోజులు. బెయిలిస్ తరఫున రష్యాలో పేరుమోసిన ప్లీడర్లు నిలబడ్డారు. గ్రుజెన్‌బెర్గ్ యూదుడు. మక్లాకోవ్ సొంత తమ్ముడు అప్పుడు హోం మంత్రి, అంటే ఈ కేసు నడిపిస్తున్న సర్కారులోనే! వాళ్ల అమ్మ బతికుంటే పండక్కి ఇద్దర్నీ ఒక పంక్తిలో ఎలా కూర్చోబెట్టేదో. కరబ్చెవ్‌స్కీది ఇంకో కథ. 1890ల్లో ముల్తాన్ అనే పల్లెలో ఉద్మూర్తు తెగ రైతుల మీద నరబలి నేరం మోపితే, రచయిత కొరొలెంకోతో కలిసి వాదించి 1896లో మూడో విచారణలో వాళ్లని విడిపించిన మనిషి. అప్పుడూ అదే, తెలియని జనం, తెలియని దేవుడు, కాబట్టి బలి. కొరొలెంకో ఈ కేసుకీ వచ్చాడు, కోర్టులో కూర్చుని పత్రికలకి రాశాడు. జ్యూరీలో చదువుకున్నవాళ్లు లేకుండా ఏరారని బయటపెట్టాడు. పన్నెండు మందిలో ఎక్కువమంది రైతులు, మిగతావాళ్లు చిన్న ఉద్యోగులు, పట్నవాసులు.

ప్రాసిక్యూషన్ తెచ్చిన పండితుల్లో ఇద్దర్ని చెప్పుకోవాలి. ఒకరు మానసిక వైద్యంలో ప్రొఫెసర్ సికోర్‌స్కీ, తర్వాత అమెరికాలో హెలికాప్టర్లు చేసిన ఇగోర్ సికోర్‌స్కీకి తండ్రి. చదువుకున్నవాడు, కోర్టులో నిలబడి ఇది జాతి పగ అన్నాడు. రెండోవాడు తాష్కెంటు నుంచి వచ్చిన కేథలిక్ ఫాదరీ ప్రనాయిటిస్. యూదుల తాల్ముద్ గ్రంథం తనకి కొట్టినపిండి అనీ, నరబలి అందులో ఉందనీ చెప్పాడు. డిఫెన్సు వాళ్లు నెమ్మదిగా ఒక ప్రశ్న వేశారు: బాబా బాత్రా అనే ఆవిడ ఎప్పుడు జీవించింది, ఏం చేసేది? తెలియదన్నాడు. హాల్లో ఉన్న యూదులు పగలబడి నవ్వారు. బాబా అంటే రష్యన్‌లో ఆడమనిషి, ముసలమ్మ. కాని బాబా బాత్రా మనిషి కాదు, తాల్ముద్‌లో ఒక భాగం పేరు. మనవాళ్లలో మహాభారత పండితుణ్ణని వచ్చినవాణ్ణి "విరాటపర్వం గారు ఏ ఊరివారు?" అని అడిగితే తెలియదన్నట్టు. కోర్టులో కూర్చున్న పోలీసు శాఖ మనిషి రాజధానికి పంపిన రిపోర్టులో, ఈ ఫాదరీకి విషయం తెలియదని తేలిపోయిందని రాశాడు. ఆ రిపోర్టులన్నీ విప్లవం తర్వాత బయటికొచ్చాయి. సర్కారుకి రోజూ తెలుస్తూనే ఉంది.

షుల్గిన్ గురించి చెప్పకపోతే అన్యాయం. కీవ్‌లో రాజభక్తుల పత్రికకి ఎడిటరు, యూదులంటే తనకి గిట్టదని బాహాటంగా చెప్పుకునేవాడు. విచారణ మొదలైన రెండు రోజులకి, ఈ అభియోగ పత్రం సిగ్గుచేటని సంపాదకీయం రాశాడు. ఆ సంచికని జప్తు చేశారు, ఆయనకి మూడు నెలల శిక్ష వేశారు. నాకు ఈ కేసులో అందరికన్నా అర్థంకాని మనిషి, మర్చిపోలేని మనిషి ఆయనే.

ఇక తీర్పు. అక్టోబరు 28. ఎదురుగా సెయింట్ సోఫియా చర్చిలో ఆండ్రేయ్ ఆత్మశాంతికని ప్రార్థన పెట్టారు, వీధి నిండా జనం. జ్యూరీ ముందు జడ్జి రెండు ప్రశ్నలు పెట్టాడు. మొదటిది, నా మాటల్లో: 1911 మార్చి 12న లుక్యానోవ్‌కాలో, యూదుల ఆసుపత్రికి చెందిన, జైత్సెవ్ నడిపే ఇటుకల ఫ్యాక్టరీలోని ఒక గదిలో, ఆండ్రేయ్ నోరు నొక్కి, అయిదు గ్లాసుల నెత్తురు పోయేలా పొడిచి, మళ్లీ పొడిచి, మొత్తం 47 గాయాలతో ఒంట్లో నెత్తురు దాదాపు అంతా పోయి చనిపోయేలా చేశారన్నది రుజువైందా? రెండోది: ఇంకా దొరకని ఇతరులతో కలిసి మతమౌఢ్యంతో ఈ పని చేసిన నేరం బెయిలిస్‌దా?

రెండోదానికి జవాబు, కాదు. హాల్లో ఏడుపులు, కౌగిలింతలు. వీడియో అక్కడే ఆగింది.

మొదటిదానికి జవాబు, అవును, రుజువైంది.

ఆ ప్రశ్నని ఇంకోసారి చదవండి. పిల్లాడు చచ్చిపోయాడా? అవును. 47 గాయాలా? అవును. ఈ అవునుల మధ్యలో యూదుల ఫ్యాక్టరీ, అయిదు గ్లాసులు మడిచి పెట్టారు. రైతు అంటాడు, పాపం పిల్లాడు చచ్చాడు, గాయాలున్నాయి, ఎలా కాదనను? మా దగ్గర సాక్షి వాంగ్మూలం చివర్న ఒక వాక్యం ఎప్పుడూ ఉండేది, "నేను పార్టీ కక్షలతో ముద్దాయి పొలంగట్టు దగ్గర లేకపోయినా ఉన్నాడని అబద్ధం చెబుతున్నానంటే సరికాదు" అని. ఇందులో ఎన్ని సంగతులు ఒక్క "సరికాదు" కింద పోతున్నాయో చూడండి. టైపు చేసేటప్పుడు నేను కొన్నిసార్లు వేళ్లు ఆపి, ముక్కలు చేసి అడిగితే బాగుండు అనుకునేదాన్ని. మా పాత జడ్జిగారొకరు ప్లీడర్లని అలాగే ఆపేవారు, "ఒక్కో ప్రశ్నకి ఒక్కో సంగతి, లాయర్‌గారూ" అని. కీవ్ జడ్జి బోల్దిరెవ్‌కి ఆ ప్రశ్న అలా రాయడం చేతకాక రాశాడనుకోను.

అందుకే ఓడిపోయినవాళ్లు గెలిచామనే చెప్పుకున్నారు. మనిషి పోతే పోయాడు, మన మాట నిలబడిందని. చక్రవర్తి కూడా, హత్య అలాంటిదే, బెయిలిస్ మాత్రం నిర్దోషి, వదిలినందుకు సంతోషమన్నాడని ఆయన భద్రతాధికారి తర్వాత రాసుకున్నాడు. ప్రాసిక్యూషన్ పక్షాన వాదించిన డ్యూమా సభ్యుడు జమిస్లోవ్‌స్కీకి ఈ కేసు మీద పుస్తకం రాయడానికి సర్కారు రహస్య నిధి నుంచి 25,000 రూబుళ్లు ముట్టాయి. చాప్లిన్స్కీకి ప్రమోషన్ వచ్చింది.

బెయిలిస్ అక్కడ ఉండలేక పాలస్తీనాకి, తర్వాత ఇక్కడికి వచ్చాడు. డబ్బు చేసుకోలేకపోయాడు. 1934లో పోయాడు, శవం వెంట కొన్ని వేలమంది నడిచారు. ఇదే శ్మశానంలో లియో ఫ్రాంక్ అనే ఇంకో యూదుడు ఉన్నాడు, అదే 1913లో అట్లాంటాలో ఒక ఆడపిల్ల హత్య కేసులో శిక్ష పడ్డవాడు, 1915లో జైల్లోంచి లాక్కెళ్లి ఉరితీశారు. షెగ్లోవితోవ్‌ని 1918లో, వేరాని 1919లో బోల్షివిక్కులు కాల్చేశారు, దానికీ ఈ కేసులో న్యాయానికీ ఏమీ సంబంధం లేదు. ఆండ్రేయ్‌ని చంపినందుకు ఎవరి మీదా విచారణ జరగలేదు. వాడి సమాధి మాత్రం లుక్యానోవ్‌కా శ్మశానంలో ఉంది. 2000 తర్వాత కూడా యూదుల మీద ఆ పాత నింద వేసే వాళ్లు దాన్ని బాగుచేసి, ఆ మాటలే రాతి మీద చెక్కించారు. పిల్లాడు ఇంకా వాళ్లకి పనికొస్తున్నాడు.

మరుసటి వారం ఆదివారం వెళ్లాం. మావాడు ఈసారి ముందే టైమింగ్స్ చూశాడు. ఆఫీసులో ఉన్న పెద్దాయన కంప్యూటర్‌లో పేరు వెతికి, బంధువులా అని అడిగాడు. కాదని, అమ్మ ఇండియాలో కోర్టులో పనిచేసేదని మావాడు చెప్పాడు. ఆయన ఇంకేమీ అడక్కుండా ఒక చీటీ మీద బ్లాకు, వరస నంబరు రాసి ఇచ్చాడు. అలవాటు కొద్దీ కింద తేదీ, సంతకం ఉన్నాయేమోనని చూశాను. లేవు.